ఒంటి గీతలు

విరుదునగర్‌లో ఆ కాలేజీకి వెళ్లి ఫిజిక్సు ల్యాబు కార్తిక ఎక్కడుంటుందని అడగండి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరూ ఠక్కున చెప్పేస్తారు. ఆమె ఎలాంటి మనిషని అడిగి చూడండి, ఒక్కరూ నోరు విప్పరు. దాపరికమేమీ కాదు, తెలియక. ఆ ల్యాబు తాళాలు ఏళ్ల తరబడి ఆమె దగ్గరే ఉన్నాయి. ఆమెతో ఎవరైనా మాట్లాడారంటే అది చాలావరకు ఆ తాళాల కోసమే.

పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కి రావడం, సాయంత్రం అదే దారిన తిరిగి వెళ్లడం. నలభై నిండాయి. పెళ్లెప్పుడని అడిగేవాళ్లు అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి మానేశారు. అడిగినన్నాళ్లూ ఆమెకు ఒళ్లు మండేది. మానేశాక ఇంకా మండింది. మనిషి మనసు అంతే, దానికి న్యాయం అక్కర్లేదు.

ఇంట్లో ఉండేది తల్లి వేలమ్మాళ్ ఒక్కతే. అరుప్పుకోట్టై నేతవాళ్ల ఆడపడుచు. భర్తకు కోవిల్‌పట్టి స్పిన్నింగు మిల్లులో పని దొరికితే మగ్గంతో సహా ఇక్కడికి కాపురానికి వచ్చింది. ఆయన పోయి చాలాకాలమైంది, మగ్గం మిగిలింది. వేలమ్మాళ్‌కు నేతలో కంటే అతుకులో పేరు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తున్నప్పుడు కొత్త పడుగు పోగుల్ని దాని కొసలకు ఒక్కొక్కటే మెలి తిప్పి అతకాలి. వేల పోగులు, వేళ్లు తప్ప వేరే పనిముట్టు లేదు. వేలమ్మాళ్ అతికితే అతుకు ఎక్కడుందో మగ్గం గలవాడికే దొరికేది కాదు. ఇప్పుడు ఆమెకు చూపు బాగా తగ్గింది, గిన్నెలు కూడా తడుముకునే తీసుకుంటుంది.

తల్లీ కూతుళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. గడప దాటితే అరవం. ఆ తెలుగు చదవడం ఇద్దరికీ రాదు. అందులో వంటకూ, మగ్గానికీ, వానకూ, చుట్టాలను తిట్టుకోవడానికీ కావలసినన్ని మాటలున్నాయి. మిగతా లోకానికి లేవని కార్తిక నమ్మకం.

ఇలా ఉండగా ఆ ఏడు కాలేజీలో సైన్సు డే వచ్చింది. ఫిజిక్సు ప్రొఫెసర్ రామకృష్ణన్ ఏదో చదివి ఉత్సాహపడి, కార్తిక చేత ఒక గాజుపెట్టె కట్టించాడు. చేపల తొట్టి అంత పెట్టె. పైన స్పిరిట్‌లో తడిపిన మందపాటి ఉన్నిగుడ్డ, అడుగున నల్ల రేకు, రేకు కింద మదురై నుంచి తెప్పించిన డ్రై ఐసు, పక్కనుంచి ఒక టార్చి వెలుతురు. అంతే. కాసేపటికి అడుగున సన్నగా మంచు పొగ పడుతుంది, ఆ పొగలో తెల్లని గీతలు పడతాయి. అణువు కంటే చిన్న తునకలు ఆ దారిన పోయిన జాడలవి. తునక ఎప్పటికీ కనిపించదు, అది పోయిన దారే కనిపిస్తుంది.

పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. సెల్లులెత్తి వీడియోలు తీశారు. గాజుకు ముఖాలు ఆనించి ఆవిరి పట్టించారు. పక్క గదిలో రాకెట్టు ఎగరేస్తున్నారని ఎవరో అరిస్తే అందరూ అటు పరిగెత్తారు. కార్తిక మాత్రం స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది.

కొన్ని గీతలు పొట్టిగా, లావుగా పడుతున్నాయి. కొన్ని సన్నగా, తాగినవాడి నడకలా వంకర్లు పోతున్నాయి. ఎప్పుడో ఒకటి పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా, తళుక్కుమని దూసుకుపోతోంది. ప్రతిదీ ఒక్క క్షణం తెల్లగా నిలిచి, చెదిరి, కిందికి జారి కరిగిపోతోంది. ఏ గీతా రెండో గీత కోసం ఆగడం లేదు. ఒకదాని మీదుగా ఒకటి పోయినా దేని దారి దానిదే. చూస్తూ చూస్తూ ఆమె స్టూలును గాజుకు ఇంకా దగ్గరగా జరుపుకుంది. ఎందుకో ఆమెకు తెలుసు, మనకూ తెలుసు.

"ఇవి ఎక్కడ్నుంచి వస్తున్నాయి సార్?" అని రామకృష్ణన్‌ను అడిగింది.

"తిన్నగా పొడుగ్గా పోయేవి ఆకాశం నుంచి వస్తాయమ్మా. ఈ మిద్దెలోంచి దూరి, మన ఒంట్లోంచి దూరి, భూమిలోకి పోతాయి. ఇప్పుడు కూడా పోతున్నాయి. మనకు తెలియదు, అంతే," అన్నాడాయన. మంచివాడే. ఇంకాసేపు చెప్పేవాడే. కానీ ప్రిన్సిపల్ గదిలో మీటింగు ఉంది.

ఆ తర్వాత కార్తిక ఏదో ఒక వంక పెట్టి ఐసు తెప్పించుకునేది. క్లాసులు లేని మధ్యాహ్నాల్లో ల్యాబు కిటికీలు మూసి, ఆ పెట్టె ముందు ఒక్కతే కూర్చునేది. చూడగా చూడగా ఒక్కతే చూడడం కష్టమైపోయింది. పక్కన ఇంకొకరుండి "అదుగో" అంటే బాగుండుననిపించేది. లైబ్రరీ గాంధిమతిని పిలుచుకొచ్చింది. ఆవిడ వంగి చూసి, "అబ్బ, ఏం చల్లగా ఉందే!" అని, అక్కడే నిలబడి తన కొడుకుకు ఇంజనీరింగు సీటు రాని వైనమంతా చెప్పి వెళ్లింది. వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెడితే ఒక పినతల్లి కొడుకు దండం బొమ్మ పెట్టాడు. ఏదో దేవుడి మహిమ అనుకున్నట్టున్నాడు.

తల్లికి చెప్పాలని కూడా ఒకసారి చూసింది.

"అమ్మా, ఈ పొద్దు పెట్టెలో గీతలు చూస్తిని. ఆకాశంలోనించి వస్తాయంట."

"వానా?"

"వాన కాదమ్మా. కంటికి కనపడదు."

"కనపడందాన్ని నువ్వెట్ల చూస్తివే?"

కార్తిక సగం అరవంలో, సగం ఇంగ్లీషులో చెప్పబోయి చిక్కుపడి, మళ్లీ మొదటికొచ్చింది. వేలమ్మాళ్ తల ఊపుతూ చివరిదాకా విని, "సరి సరి, తిను. అన్నంలో పోసిన సారు ఆరిపోతాది," అంది. అమ్మకు ఇది అర్థం కాదని కార్తిక ఆ పూటే తీర్పు చెప్పేసింది. ఫిర్యాదీ ఆమే, జడ్జీ ఆమే, ఇక అడ్డుపడేవాళ్లెవరు?

నోటితో చెప్పలేనిది చేత్తో చెబుదామని మగ్గంలో కూర్చుంది. నల్ల పడుగు, నల్ల పేక. గీత పడాల్సిన చోట తెల్ల పోగును వేళ్లతో పడుగులోకి దూర్చుకుంటూ పోయి, గీత ఆగిన చోట బయటికి లాగి బ్లేడుతో కోసి, వేలెడు కొసను అలాగే వేలాడనిచ్చేది. కరిగిపోవడాన్ని ఇంకెలా చూపించాలో ఆమెకు తోచలేదు. ఆదివారాలు, పండగ సెలవులు, ఆ వానాకాలమంతా అలా పోయింది. వంటింట్లో వేలమ్మాళ్ మగ్గం చప్పుడు వింటూ ఉండేది. ఏం నేస్తున్నావే అని ఒకసారి అడిగింది కూడా. "కాలేజీకి," అని ఒక్క ముక్కలో తేల్చేసింది కార్తిక.

గుడ్డ సగమైనప్పుడు కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. సైన్సునూ కళనూ కలిపి చెన్నైలో ప్రదర్శనలు పెట్టే మహేశ్వరిప్రియ అనే ఆవిడ ఈసారి విరుదునగర్ కాలేజీ హాలులో పెడుతోందట. కార్తిక భయం భయంగా ఒక ఫోటో పంపింది. ఆవిడే ఫోను చేసింది. "తప్పకుండా పెడదాం. శనివారం నేనే వచ్చి దగ్గరుండి చూస్తాను," అంది. కార్తికకు బహుమతి అక్కర్లేదు, పేపర్లో పేరూ అక్కర్లేదు. ఒక్క మనిషి ఆ గుడ్డ ముందు నిలబడి, కార్తిక చూసింది తానూ చూడాలి. ఇంతేనా అనుకునేవాళ్లు ఎన్నడూ ఒంటరిగా ఉండి ఎరగరు.

బుధవారం సాయంత్రం గుడ్డను మగ్గం నుంచి దించి పెట్టెలో పెట్టింది. "శనివారం దీన్ని పెద్ద హాలులో గోడకి మాటుతారమ్మా. మెడ్రాసునించి వస్తారు చూసేదానికి," అని తల్లికి చెప్పింది. వేలమ్మాళ్ ముఖం వెలిగిపోయింది. తర్వాత రెండు రోజులూ హాలులో బల్లలు జరిపించడం, లైట్లు కట్టించడం, మేకులు కొట్టించడం కార్తిక నెత్తినే పడ్డాయి. తాళాలు ఆమె దగ్గరున్నాయి కదా.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేలమ్మాళ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"వొస్తివా? కాళ్లు కడుక్కోని ఆ పెట్టె తెరిచి చూడు."

కార్తిక గుడ్డ తీసి మంచం మీద పరిచింది. ఒక్క కొసా వేలాడడం లేదు. పొట్టి గీత ఆగిన చోటునుంచి సన్నని తెల్ల పోగు బయలుదేరి పక్కనున్న వంకర గీతను చేరుకుంది. అక్కణ్నుంచి ఇంకోదానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి. ఆకాశం నుంచి వచ్చిన పొడుగు గీతలను కూడా వదల్లేదు. గుడ్డంతా ఒకటే అల్లిక అయిపోయింది. తన గీత ఎక్కడ అయిపోయిందో, తల్లి పోగు ఎక్కడ మొదలైందో కార్తికకే తెలియడం లేదు.

"ఏం చేస్తివమ్మా ఇది?"

"పోగులన్నీ తెగి యాలాడుతా ఉండె. అంత పెద్ద చోటికి ఆ మాదిరి పంపిస్తే మనల్ని నేతోళ్లంటారా? కన్ను తెలీకపోతే ఏమి, వేలుండాదే. రెండు దినాలు కూర్చోని అతికేస్తిని."

"నిన్నెవురమ్మా అతకమనింది?"

"ఒకరు చెప్పల్లా?"

కార్తిక అరిచింది. అరవంలో అరిచింది, తెలుగులో అరిచింది. ఏమేం అందో తర్వాత ఆమెకే గుర్తులేదు. "కన్ను తెలీనప్పుడు సుమ్మా ఊరుకోని ఒక మూల ఉండకూడదా?" అన్నది మాత్రం గుర్తుంది, చచ్చేదాకా గుర్తుంటుంది కూడా. వేలమ్మాళ్ లోపలికి వెళ్లి రెండు కంచాల్లో అన్నం పెట్టింది. ఇద్దరూ తినలేదు. కార్తిక సూది పట్టుకుని ముళ్లు విప్పబోయింది. అవి వేలమ్మాళ్ వేసిన ముళ్లు, ఆమెకు దొరుకుతాయా? చివరికి ఏడుపొచ్చి సూది విసిరికొట్టింది.

వెళ్లకుండా ఉండడానికి ధైర్యం చాలక, మర్నాడు పొద్దున ఆ గుడ్డనే సంచిలో పెట్టుకుని రైలెక్కింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్లు కిటికీ దగ్గర గొడవ గొడవగా నవ్వుకుంటున్నారు. సాత్తూరు దాకా ఆ నవ్వులు విని, తర్వాత వాళ్లు దిగిపోతే నల్ల చేలను చూస్తూ కూర్చుంది.

మహేశ్వరిప్రియ మాట తప్పలేదు. వచ్చింది, ఆ గుడ్డ ముందు చాలాసేపు నిలబడింది. దగ్గరికెళ్లి చూసింది, వెనక్కి జరిగి చూసింది. కార్తిక ఆవిడ వెనకే నిలబడి, ఆవిడ చూపు ఎటు పోతే అటు చూసింది. అంత జరిగినా ఆశ చావలేదు పాపం.

"అద్భుతం! ఫోటోలో ఇలా లేదే. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఈ సృష్టిలో ఏదీ ఒంటరి కాదు, అదే కదా మీరు చెప్పేది?" అంది ఆవిడ అరవంలో.

"కాదు మేడం. ఇవి కలవవు. ఒక్కటంటే ఒక్కటి కూడా కలవదు. మా అమ్మ తెగిపోయాయనుకుని అతికేసింది."

మహేశ్వరిప్రియ కళ్లు చెమర్చాయి. "అయ్యో, అయితే ఇంకా బాగుంది! ఇదే అసలు కథ!" అని వెనకున్న మనిషిని పిలిచి, పేరు చీటీ మార్చమంది. 'అమ్మ అతికిన ఆకాశం' అట. ఆ పేరు వినగానే చుట్టూ మూగిన జనం "ఆహా" అన్నారు. రామకృష్ణన్ చప్పట్లు కొట్టాడు. గాంధిమతి కార్తిక భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుంది. గుడ్డను చూడనివాళ్లు లేరు, గీతను చూసినవాళ్లూ లేరు. కిటికీలు మూసుకుని పెట్టె ముందు కూర్చున్న ఏ మధ్యాహ్నమూ కార్తికకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు కనీసం ఎవరో ఒకరు చూస్తారన్న ఆశన్నా ఉండేది.

అందరూ భోజనాలకు లేచాక ఆమె బల్ల ఎక్కి గుడ్డను దించింది. మడతపెడుతుంటే రామకృష్ణన్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఏమిటమ్మా, తీసేస్తున్నావు?"

"ఇది నాది కాదు సార్. నేను ఇంటికి వెళ్తున్నాను."

ఆయన కాసేపు తికమకపడి, "మరి తాళాలు?" అన్నాడు.

"బల్ల మీద పెట్టాను సార్."

బస్సులో ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. వేలమ్మాళ్ గడప దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు తడుముతోంది. అడుగుల చప్పుడుకే తెలుసుకుంది.

"వాళ్లు వొద్దనిరా?"

"వొద్దనలా. నేనే తెచ్చేస్తిని." కార్తిక చెప్పులు విడిచి ఆమె పక్కనే కూలబడింది. అరవడానికి ఓపిక లేదు. "ముళ్లు విప్పల్లమ్మా. నాకి దొరకలా. నువ్వే చూపించల్ల."

వేలమ్మాళ్ చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. గుడ్డను ఇద్దరి ఒళ్లోనూ పరుచుకున్నారు. తల్లి వేలు ఒక గీత వెంట మెల్లగా పోయి, ఒకచోట ఆగింది. "ఇదిగో." కార్తికకు అక్కడ ఏమీ కనిపించలేదు. అయినా బ్లేడు పెట్టి కోసింది. తల్లి వేలు ఇంకో గీత వెంట బయలుదేరింది.

"ఇది ఏడనించి వస్తాది?" అని అడిగింది వేలమ్మాళ్, పొడుగు గీతను తడుముతూ.

"పైనించమ్మా. దానికి మిద్దె అడ్డం లేదు, మనిషి అడ్డం లేదు. దూరుకోని బూమిలోకి పోతాది."

"మనలోగూడానా?"

"మనలోగూడా. ఇప్పుడే పోతా ఉండాది."

వేలమ్మాళ్ అరచెయ్యి వెనక్కి తిప్పి, చూపు ఆనకపోయినా ముఖం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "నొప్పే లేదే."

"ఉండదు."

"ఈ పొట్టిదీ?"

"అది దూరం పోలేదు. ఉండే బలమంతా కొంచెం దూరానికే అయిపోతాది."

"దానికి తోడు ఏదీ రాదా?"

"రాదు."

ఇన్నాళ్లూ ఈ తెలుగులో చెప్పలేననుకున్నదంతా ఇంత తేలిగ్గా ఎలా చెప్పగలిగిందో కార్తికకు అంతుబట్టలేదు. ఎవరూ ఇలా ఒక్కో గీతనూ పట్టుకుని అడగలేదు, అంతే కాబోలు. వేలమ్మాళ్ వేలు ఒక ముడి మీద ఆగి, అక్కణ్నుంచి కదల్లేదు.

"తెగిపోయినాయని అనుకోని నేను అతకలా, కార్తికా."

"నువ్వేగదమ్మా అట్ల చెప్తివి?"

"ఏదో ఒకటి చెప్పల్లగదా, చెప్తిని. తెగిన కొస పీచు పీచుగా ఉంటాది. ఇవన్నీ బ్లేడుతో కోసినవి. చిన్నప్పటినించి పోగు పట్టిన చెయ్యి ఇది, నాకి అదిగూడా తెలీదా? నువ్వే కోసి వొదిలినావని మొదటి పోగుకే తెలిసిపాయె. ఒకో పోగూ తడిమి చూస్తిని. ఒకటిగూడా ఇంకోదాన్ని పట్టుకోలా. నువ్వు చెప్పకపోతే ఏమి, నా కూతురు ఏం నేసిందో నాకి తెలీదా?"

కార్తిక చేతిలో బ్లేడు అలాగే ఉండిపోయింది.

"నేనింక ఎన్నాళ్లు? నేను పోతే ఈ ఇంట్లో నీతో ఈ తెలుగు మాట్లాడేదానికిగూడా ఎవురూ లేరు. అది తలుచుకుంటే, అట్లనే వొదిలేదానికి చెయ్యి రాలేదే."

ఒక్క మనిషి చూడాలనే కదా కార్తిక ఇంత కాలం కోరుకుంది. ఆ మనిషి చూసింది. అందరికంటే ముందు, రెండు రోజులు కూర్చుని, ఒక్కటి వదలకుండా వేలితో చూసింది. చూసి భయపడింది. కార్తికకు తల్లి ఒళ్లో తల పెట్టుకుని, అలాంటిదేమీ జరగదని చెప్పాలనిపించింది. ఎలా చెప్తుంది? జరుగుతుందని ఇద్దరికీ తెలుసు.

"కొయ్యల్లా, వొదిలేద్దామా?" అంది కార్తిక.

వేలమ్మాళ్ ఆ ముడిని వేలితో ఒకసారి నిమిరింది.

"నువ్వు చూసింది ఎట్లుండాదో అట్లనే ఉండల్ల. కొయ్యి."

కార్తిక కోసింది. రెండు కొసలూ విడిపోయి చెరోవైపు పడ్డాయి. వేలమ్మాళ్ వేలు తడుముకుంటూ ముందుకు జరిగి ఇంకో ముడి దగ్గర ఆగింది. కూతురి చెయ్యి వచ్చి తగిలేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.